ఛోడో నక్కో

పాలు పిండడం తప్ప మా బావకు ఇంకో పని రాదని మా అమ్మ గట్టి నమ్మకం. ఆయన గాలిలో ఎగురుతున్నాడని ఎంత చెప్పినా వినేది కాదు. నేను అబద్ధాలు నేర్చానని నన్నే తిట్టేది.

కిషన్‌బాగ్ దాటితే అప్పట్లో ఇళ్లు లేవు. ఒక గుట్ట, దాని కింద బావ బర్రెలు మేసే బంజరు. ఆ గుట్ట మీద కొందరు పెద్దమనుషులు కలిసి క్లబ్బు పెట్టారు. వాళ్లకున్నది ఒకే ఒక్క గ్లైడర్, అంటే ఇంజను లేని విమానం. చెక్క పుల్లలు, వాటి మీద బిగించిన గుడ్డ, గుడ్డ మీద ముక్కు పగిలే వాసన వేసే వార్నిష్. నడిపేవాడు ముందు ఒక పీట మీద కూర్చోవాలి. చుట్టూ అడ్డం అనేదే లేదు. క్లబ్బును నడిపేది ఒక రిటైరైన ఇంజనీరు. అందరికీ ఆయన సాబ్. తెలుగు అర్థమయ్యేది గానీ మాట్లాడడం రాదు, ఉర్దూలోనే అరిచేవాడు.

గ్లైడర్ లేవాలంటే మనుషులు కావాలి. దాని ముక్కుకు రబ్బరు మోకు తగిలించి, ఎనిమిది మంది రెండు పాయలుగా చీలి గుట్ట దిగువకు లాక్కుంటూ పరుగెత్తాలి. వెనక ఒకడు తోక పట్టుకుని, మడమలు నేలకు తన్ని కూర్చోవాలి. మోకు చాలినంత సాగాక సాబ్ “ఛోడో” అంటాడు. తోక వదలగానే వడిసెల రాయిలా గ్లైడర్ గుట్ట అంచు దాటుతుంది. క్లబ్బులోని పెద్దింటి పిల్లలకు ఎగరడం మీద ఉన్న ప్రేమ మోకు మీద లేదు. అందుకే సాబ్ మా పేట వాళ్లను పిలిచాడు. అందరూ కూలి పుచ్చుకున్నారు. బావ మాత్రం వద్దన్నాడు.

“నాకు కూలి వద్దు సాబ్. నన్ను గూడ ఒక్కసారి కూసోనియ్యుండ్రి” అన్నాడు.

సాబ్ నవ్వి ఒప్పుకున్నాడు. దిగువన దిగిన గ్లైడర్‌ను మళ్లీ గుట్ట మీదికి లాగడానికి బావ తన బర్రెలనే కట్టాడు. పట్టణంలో ఎవరూ చూడని వింత అది: విమానం ముందు రెండు బర్రెలు, వాటిని అదిలిస్తూ లుంగీ ఎగగట్టిన పైలట్. అప్పట్లో మా సర్కారు దఫ్తరుకు సెలవు శుక్రవారమే. ఆ ఒక్క రోజైనా పడుకుందామంటే బావ తెల్లారేసరికి గుమ్మంలో ఉండేవాడు.

“దఫ్తర్ల కూసొని కూసొని మస్తు బరువైనవ్. తోకకు నువ్వే పనికొస్తవ్, నడువు” అనేవాడు.

అలా నేను తోక మనిషినయ్యాను. మొదట విసుక్కున్నాను గానీ, రానురాను శుక్రవారం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం గుట్ట నీడలో అందరం ఒకే గుడ్డ మీద రొట్టెలు విప్పుకునేవాళ్లం. అర నిమిషం గాలిలో నిలిచి సరిగ్గా దిగితే, దిగినవాడి పేరు రాసి సాబ్ కాగితం ఇస్తాడు. బావకు ఆ కాగితం కావాలి. “మా ఇంట్ల కాగితం మీద పేరు ఎవరికున్నది చెప్పు” అనేవాడు. చాలాసార్లు ఎగిరాడు, ప్రతిసారీ కొద్దిలో తప్పిపోయింది.

ఒక శుక్రవారం పైకి లాగుతుండగా ఒక బర్రె తల విదిలించింది. దాని కొమ్ము తగిలి రెక్క గుడ్డ జానెడు మేర చిరిగింది. సాబ్ నెత్తి పట్టుకున్నాడు. బావ పరుగున ఇంటికి వెళ్లి మా అక్కను తీసుకొచ్చాడు. అక్క బొంతలు కుట్టేది. ఆమె కుట్టు కోసం పురానాపూల్ నుంచి కూడా ఆడవాళ్లు వచ్చేవారు. ఆ రోజంతా రెక్క కింద చాప వేసుకుని కూర్చుని మాసిక వేసింది. సాబ్ దాని మీద వేలు నడిపి, “టాంకా దిఖ్తాచ్ నై” అన్నాడు, కుట్టే కనిపించడం లేదని. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అంత సంతోషంగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఆ మరుసటి శుక్రవారమే బావ పడిపోయాడు.

ఎలా పడ్డాడో చెప్పాలి. మోకు సాగుతోంది. నేను తల వంచుకుని తోక పట్టుకున్నాను. పక్కనుంచి సుడిగాలి లేవడం సాబ్ చూశాడు. “ఛోడో నక్కో” అని అరిచాడు. మన దక్ఖనీ ఉర్దూలో వద్దనే మాట చివర వస్తుంది. ఛోడో అంటే వదులు, ఛోడో నక్కో అంటే వదలొద్దు. నా చేతులు మొదటి మాటకే తెరుచుకోవడానికి అలవాటుపడ్డాయి. రెండో మాట నాకు వినబడలేదని చెప్పుకోవచ్చు. వినబడింది. చేతులు తెరిచాక వినబడింది.

గ్లైడర్ లేచీ లేవగానే ఒక రెక్క వాలిపోయింది. నేలకు కొట్టుకుంది. మేం చేరేసరికి బావ పీట కింద నలిగి ఉన్నాడు. రెక్క పుల్లలు విరిగి, అక్క వేసిన మాసిక దగ్గర గుడ్డ నోరు తెరిచింది.

దవాఖానాలో సాబ్ అందరి ముందూ, తోక ఎందుకు వదిలారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మంచం మీది నుంచి బావ అన్నాడు: “మీరు వద్దన్నది నాకు ఇనబడ్డది సాబ్. నేనే ఇడువుమన్న.” సాబ్ నా వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. అందరూ వెళ్లాక బావ నాతో, “మీ అక్కకు చెప్పకు. ఆమెకు పుట్టింట్ల మగదిక్కు నువ్వొక్కనివే” అన్నాడు. నడుము కింద స్పర్శ లేదు. వానాకాలమంతా ఇంట్లో మంచం మీదే ఉన్నాడు. దసరాకు ముందు పోయాడు. క్లబ్బు ఆ తరువాత ఏడాది కూడా నిలవలేదు. ప్రపంచ యుద్ధం వచ్చి రబ్బరు దొరకడం మానేసింది.

దినాలు అయిపోయాక ఒకరోజు అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

“తమ్మీ, నిజం చెప్పు. ఆ కుట్టు ముందుగాల్నే ఇడిసిందా, కింద పడ్డంక ఇడిసిందా?”

అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్లుగా ఆమె తలలో ఏం తిరుగుతోందో. ఈ సంగతి బావకు కూడా తెలియదు. తెలిస్తే నన్ను చెప్పొద్దనేవాడు కాదు. నాలుగు మాటల్లో ఆమె బరువు దించేయవచ్చు. నేను పిరికివాణ్ణి.

“నాకు కనబడలే అక్కా” అన్నాను.

ఆ రోజు నుంచి అక్క సూది ముట్టలేదు. బర్రెల మీదే ఇల్లు నడిపింది. కూతురి గౌను చిరిగితే పక్కింటికి పంపేది. వారం వారం వెళ్లి ఆమె చేతి మజ్జిగ తాగి వచ్చేవాణ్ణి. బావకు మాటిచ్చాను కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఇలా పదకొండేళ్లు గడిచాయి.

మేనకోడలు కాన్పుకు వచ్చింది. పుట్టబోయే బిడ్డకు బొంత నువ్వే కుట్టమని ఇరుగుపొరుగు అన్నారు. “నా చెయ్యి వద్దు. నా కుట్టు పిల్లకు మంచిగ కాదు” అంది అక్క. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఇక తట్టుకోలేకపోయాను. అందరూ లేచి వెళ్లాక మొత్తం చెప్పేశాను. నా చేతులు, సాబ్ అరుపు, బావ తీసుకున్న మాట.

అక్క నా వైపు తిరిగింది.

“చెయ్యి జారింది. దానికి నిన్నేమంట? ఆయన చెప్పొద్దన్నడు, ఆయనకు నా సంగతి ఎరుకలేదు. నేను అడిగిననాడు నా మొఖం జూసి కనబడలే అంటివి. నీకు ఎరుకుండె గద తమ్మీ.”

ఆమె లేచి బర్రెలకు కుడితి పెట్టడానికి వెళ్లిపోయింది.

పుట్టినవాడికి బొంత అక్కే కుట్టిందని తరువాత మేనకోడలు చెప్పింది. నేను వెళ్లినప్పుడల్లా అక్క దాన్ని మడిచి లోపల పెట్టేసేది.