కమాండర్ పుస్తకంలో బాపిరాజు

సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరైన సోమేశ్వరరావును కాలనీలో అందరూ మిలిటరీ తాతగారనే పిలుస్తారు. కర్మాగారానికి రాకముందు ఆయన వైమానిక దళంలో ఉండేవాడు. డెబ్బయ్యొకటి యుద్ధంలో పశ్చిమ సరిహద్దు దగ్గర ఒక స్థావరంలో విమానాలకు బాంబులు ఎక్కించే జట్టులో పనిచేశాడు. ఆ సంగతులు చెప్పమని ఎవరైనా అడిగితే, "సలి బాబూ, ఒకటే సలి," అని ఊరుకునేవాడు.

ఆ జట్టులోనే రాయగడ కుర్రాడు బాపిరాజు ఉండేవాడు. వాళ్లది చింతపండు టోకు వ్యాపారం. దుకాణంలో కూర్చోవడం ఇష్టంలేక ఇంట్లో చెప్పకుండా వెళ్లి దళంలో చేరాడు. స్థావరం మొత్తంలో తెలుగు మాట్లాడేవాళ్లు వాళ్లిద్దరే కావడంతో ఒకరినొకరు వదిలి ఉండేవారు కాదు. యుద్ధం సగంలో ఉండగా ఒక రాత్రి భోజనాల వేళ శత్రు విమానాలు వచ్చి బాంబులు వేశాయి. బాపిరాజు పోయాడు. ఇంటికి తంతి మాత్రం వచ్చింది.

సునాబెడలో ఉద్యోగం దొరికాక సోమేశ్వరరావు రాయగడ వెళ్లి ఆ ఇంటివాళ్లను చూశాడు. ఎలా పోయాడని వాళ్లు అడగలేదు, ఆయనా చెప్పలేదు. అప్పటినుంచి బాపిరాజు చెల్లెలు లక్ష్మీదుర్గకు ఆయనే అన్నయ్య. ఆమె పెళ్లిలో అన్న చేయవలసినవన్నీ ఆయన చేతుల మీదే జరిగాయి.

నిరుడు వానలు వెనకబట్టాక లక్ష్మీదుర్గ కొడుకు వంశీ ఒక ఇంగ్లీషు పుస్తకం కొరియర్లో పంపాడు. ఆ రోజుల్లో స్థావరానికి కమాండరుగా ఉన్నాయన జ్ఞాపకాలవి. తొంభై దాటాక ఆయన చెబుతుంటే కొడుకు రాసుకున్నాడట. అచ్చయ్యేలోగానే ఆయన పోయాడు.

సోమేశ్వరరావు మొదట్లో అనుమానంగానే చదివాడు. చదివేకొద్దీ మెత్తబడ్డాడు. ఆయిలు ట్యాంకరు అంటుకోవడం, వంటవాడు భయపడి మూడు పూటలు పొయ్యి వెలిగించకపోవడం, రన్‌వే గుంతలు పూడ్చడానికి పక్క ఊరివాళ్లు ఎడ్లబళ్ల మీద మట్టి తేవడం, అన్నీ జరిగినవే. ఇది అబద్ధాలకోరు రాసిన పుస్తకం కాదనుకున్నాడు. తర్వాత బాపిరాజు పేజీ వచ్చింది.

కటిక చీకట్లో బాంబులు పడుతుంటే బాపిరాజు గాయపడ్డ తోటివాణ్ణి భుజాన వేసుకుని కందకం వైపు పరిగెత్తాడనీ, పేలిన ముక్క తగిలి కూలాడనీ, తన ఒళ్లోనే తల పెట్టి "అమ్మా" అంటూ ప్రాణం విడిచాడనీ కమాండర్ రాశాడు.

ఆ రాత్రి బాపిరాజుకు ఒళ్లు కాలిపోయే జ్వరం. డ్యూటీకి రాలేదు. తెల్లారి సోమేశ్వరరావు వెళ్లేసరికి గుడారం చీలికలై ఉంది, మంచం మీదే పోయి ఉన్నాడు. దగ్గర ఎవరూ లేరు.

"కటిక చీకటంట," అన్నాడు భార్య సత్యభామతో. "పుచ్చపువ్వులాటి ఎన్నెల ఆ రాత్రి. ఈయన కళ్లతో సూడనే లేదు."

సత్యభామ తేదీ అడిగింది. చెప్పాడు. యుద్ధం పున్నమి మర్నాడు మొదలైందని ఆయన ఎప్పుడో అన్నది గుర్తుంచుకుని ఆమె వేళ్లు మడిచి లెక్క చూసుకుంది.

"మార్గశిర బహుళంలో, భోజనాల ఏళకి ఎన్నెలేటండీ? అప్పటికి సంద్రుడెక్కడున్నాడు?"

ఆయన వాదించాడు. ఫోన్లో పాత పంచాంగం తీసి చూశారు. సత్యభామ మాటే నిజం. యుద్ధం మొదలైన రాత్రి వెన్నెల ఈ రాత్రిలోకి ఎప్పుడు వచ్చి చేరిందో ఆయనకు తెలియలేదు. చంద్రుడి దగ్గర కమాండరే సరిగ్గా ఉన్నాడు. మరి జ్వరమో? గుడారమో? రెండు రోజులు అన్నం సయించలేదు. ఎంత తవ్వి చూసినా ఆ మంచం మాత్రం అక్కడే ఉంది.

ఇంతలో వంశీ ఫోను. దుకాణం ఉన్న కూడలిలో మేనమామ పేరున రాయి వేయిస్తున్నారు. పుస్తకంలోని మాటలు ఒడియాలో, తెలుగులో చెక్కిస్తారు. మావయ్య వచ్చి నాలుగు మాటలు చెప్పాలి.

మర్నాడే సోమేశ్వరరావు కొరాపుట్‌లో రైలెక్కాడు. సొరంగాల్లో బండి చీకటవుతున్నప్పుడల్లా ఏం చెప్పాలో ఒకసారి అనుకోవడం, వెలుతురు రాగానే అది సరిపోలేదనిపించడం.

రాయగడలో లక్ష్మీదుర్గ ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగింది.

"అమ్మా అన్నాడని రాసేడాయన. మా అమ్మ అన్నయ్యకి ఊహ తెలీకముందే పోయింది. మమ్మల్ని పెంచింది మామ్మ. దెబ్బ తగిల్తే 'మామ్మా' అనీవాడు. అందుకే అడగతన్నాను. నువ్వు అక్కడున్నావు గదా అన్నయ్యా, నిజం సెప్పు."

సోమేశ్వరరావు చెప్పాడు. జ్వరం, గుడారం, ఉదయం. వెన్నెల విషయంలో తాను పొరబడ్డ సంగతి కూడా దాచలేదు.

"రాత్రి ఏటయిందో నేను సూళ్లేదమ్మి. పొద్దున్న సూసిందే సెప్పేను."

గుమ్మంలో నిలబడి వింటున్న వంశీ లోపలికి వచ్చాడు.

"సంద్రుడే తప్పయినప్పుడు గుడారం తప్పు అవదా మావయ్యా? అచ్చులో ఉన్నదానికి మీ మాట అడ్డమేటి? కలెక్టరాఫీసులో కూడా సెప్పేసేం."

పుస్తకానికి కమాండరున్నాడు, పేజీ ఉంది. సోమేశ్వరరావుకు తాను తప్ప ఎవరూ లేరు, ఆ తానూ పూర్తిగా నమ్మదగ్గవాడు కాడని మొన్ననే తేలింది.

"పోయినప్పుడు ఒక్కడే ఉన్నాడన్నమాట," అంది లక్ష్మీదుర్గ. భోజనం వడ్డించింది గాని ఎదురుగా కూర్చోలేదు.

రాయి వేశారు. పుస్తకంలోని మాటలే చెక్కారు. ఆయనకు పిలుపు రాలేదు. లక్ష్మీదుర్గ ఒంట్లో బాగోలేదని ఇంట్లోనే ఉండిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, రాయగడ నుంచి కబురు లేదు. నిజం చెప్పి ఆ ఇల్లు పోగొట్టుకున్నాననే అనుకున్నాడాయన. సత్యభామ కూడా కాదనలేదు.

డిసెంబరులో, బాపిరాజు పోయిన రోజున, సాయంత్రం కాఫీ వేళకు ఫోను మోగింది.

"అన్నయ్యా," అంది లక్ష్మీదుర్గ. "ఆ పొద్దున్న నువ్వెల్లినప్పుడు దుప్పటి కప్పుకుని ఉన్నాడా? సలికాలం గదా."

సోమేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు. చీలిపోయిన గుడ్డ కనిపించింది, మంచం కనిపించింది. దుప్పటి ఉందో లేదో కనిపించలేదు.

"మెడదాకా కప్పుకుని ఉన్నాడమ్మి. నీలం దుప్పటి," అన్నాడు.

అవతల ఆమె ఏడవడం మొదలుపెట్టింది. అది ఆగేదాకా ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయాడు.