స్ట్రైక్ కోర్ నుంచి వచ్చిన మెకానిక్

2021 చివర్లో నేను గల్ఫ్‌లో, అల్ వర్సాన్‌లోని ఒక మ్యాన్‌పవర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. కంపెనీలు అడిగిన మనుషులను వెతికి, వాళ్ల సీవీలు తయారుచేసి, ఇంటర్వ్యూలకు పంపడం నా పని. సైన్యంలో చేసి రిటైరైనవాళ్లు ఎవరు వచ్చినా సెక్యూరిటీ గార్డుల జాబితాలో రాసేయడం మా ఆఫీసులో అలవాటు. నేనూ అదే చేసేదాన్ని. మాది నెల్లూరు, మా ఇంట్లో ఎవరికీ సైన్యంతో సంబంధం లేదు. అందుకే ఆ అలవాటులో తప్పేమిటో నాకెప్పుడూ తట్టలేదు.

ఆ రోజుల్లోనే రాజయ్యగారు వచ్చారు. ఊరు జగిత్యాల దగ్గర పల్లె, వయసు నలభై ఆరు. విజిట్ వీసా గడువు ఇంకా పన్నెండు రోజులే ఉంది. గార్డు ఉద్యోగమైనా చాలన్నారు. డిశ్చార్జ్ బుక్, అంటే సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం, నా ముందు పెట్టారు. ఎక్కడ పనిచేశారని అడిగితే "స్ట్రైక్ కోర్" అన్నారు.

"అంటే దాడి చేసే దళమా?"

"ఔ మేడం."

"మీరెన్ని దాడులు చేశారు?"

ఆయన గట్టిగా నవ్వేశారు. "ఒక్కటి గూడ లేదు. నేను వర్క్‌షాప్ మెకానిక్‌ని. ఇసుకల దిగవడ్డ ట్యాంకుల్ని గుంజి తెచ్చుడు నా పని."

నాకు ఆసక్తి కలిగింది. దాడి చేసే దళంలో మెకానిక్ ఎందుకని అడిగాను. ఆయన ఒక పాత ఫారం తిప్పి, దాని వెనక పెన్నుతో గీస్తూ చెప్పారు. కొన్ని బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్, బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, డివిజన్లు కలిస్తే కోర్. దానిమీద ఒక లెఫ్టినెంట్ జనరల్. సరిహద్దును కాచుకుని ఉండేవి హోల్డింగ్ కోర్లు. యుద్ధం వస్తే వాటిని దాటుకుని అవతలికి చొచ్చుకుపోయేది స్ట్రైక్ కోర్. డెబ్బై ఒకటి యుద్ధం తర్వాతి ఏళ్లలో ట్యాంకులనూ, వాటితోపాటు బండ్లమీద కదిలే సిపాయిలనూ చేర్చి వీటికి బలం పెంచారట. 2001 చివర్లో, పార్లమెంటుమీద దాడి తర్వాత సరిహద్దుకు కదిలినప్పుడు ఇంత పెద్ద దళం చేరడానికి చాలా రోజులు పట్టింది. అప్పటినుంచి చిన్న దళాలుగా, త్వరగా కదలడం గురించి ఆలోచన మొదలైందట.

ఆ కాగితం మీద ట్యాంకుల కోసం గీసిన గడులు రెండే. ఫిరంగులు, కాలవలమీద వంతెనలు వేసేవాళ్లు, సిగ్నల్స్, డీజిల్, రేషన్, ఆసుపత్రి, వర్క్‌షాప్ కలిసి మిగతా కాగితమంతా నింపేశాయి.

అప్పుడే నాకు జెబెల్ అలీలోని ఒక యార్డు గుర్తొచ్చింది. భారీ యంత్రాలను ట్రైలర్లమీద మోసే కంపెనీ అది. రికవరీ సూపర్‌వైజర్ కావాలని అడిగి నెల దాటింది. ఆగిపోయిన, కూరుకుపోయిన బండ్లను బయటికి తీయించడమే ఆ పని. చిక్కల్లా ఒక్కటే. అక్కడి ముదీర్, అంటే మేనేజర్, తారిఖ్ సాబ్ పాకిస్తాన్ సైన్యంలో రిటైరైన మనిషి. నేను సీవీ టైపు చేసి, స్ట్రైక్ కోర్ అన్న లైను తీసేసి, వర్క్‌షాప్ అని మాత్రం ఉంచి రాజయ్యగారికి చూపించాను.

ఆయన ముఖం మారిపోయింది. "అది నా ఇరవై నాలుగేండ్లు మేడం. తీసేస్తే నేనేడ ఉన్ననని చెప్పాలె?"

"ఆయన ఒప్పుకోకపోతే? మీకున్నది పన్నెండు రోజులే."

"ఒప్పుకోకుంటె ఇంటికి పోత. అబద్ధం చెప్పి మాత్రం పనిల చేరను."

లైను మళ్లీ పెట్టాను. మర్నాడు కంపెనీ వ్యానులో ఆయనతోపాటు నేనూ వెళ్లాను.

తారిఖ్ సాబ్ సీవీ చదువుతూ ఆ లైను దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి ఉర్దూలో అడిగారు. "2001 చలికాలం మీ వర్క్‌షాప్ ఎక్కడ ఉండేది?"

"మాఫ్ కీజియే సాబ్, అది చెప్పను," అన్నారు రాజయ్యగారు ఉర్దూలోనే. "బండి ఎట్లా తీయాలో అడగండి, చెబుతాను."

తారిఖ్ సాబ్ లేచి, "యల్లా, రండి," అంటూ బయటికి నడిచారు.

యార్డు చివర ఒక ట్రైలర్ ఇరుసు దాకా ఇసుకలో కూరుకుపోయి ఉంది. దాన్ని లాగడానికి యార్డువాళ్లు అప్పటికే క్రేను తెచ్చి ఉక్కుతాడు కట్టారు. రాజయ్యగారు ఆ తాడును ముట్టుకోలేదు. ట్రైలర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, కింద పడుకుని చూశారు. ముందు తాడు పక్కన నిలబడ్డ వాళ్లందరినీ దూరం పంపించారు. తెగితే మనుషులు పోతారన్నారు. తర్వాత లోడు దింపించారు, చక్రాల కింద తవ్వించారు, టైర్లలో గాలి తగ్గించి పలకలు వేయించారు. బండి వచ్చిన దారినే వెనక్కి, మెల్లగా లాగించారు. అంతా అయ్యేసరికి గంటన్నర పట్టింది.

"మీ బండ్లు ఎప్పుడొస్తాయా అని సరిహద్దు అవతల నెలల తరబడి కూర్చున్నాం," అన్నారు తారిఖ్ సాబ్, బయటపడ్డ ట్రైలర్‌ను చూస్తూ.

"మేమూ అంతే సాబ్. రోజూ ఇంజిన్లు నడిపి చూసి ఆపేసేవాళ్లం. ఇంటికెప్పుడు పంపుతారా అనే చూసేవాళ్లం."

తారిఖ్ సాబ్ తల ఊపి నావైపు తిరిగారు. "వీసా కాగితాలు ఈరోజే మొదలుపెట్టండి. తనెవరో దాచని మనిషి నాకు కావాలి."

వీసా గడువు ముగియడానికి రెండు రోజుల ముందు పని పూర్తయింది.

నేనిప్పుడు వేరే ఆఫీసులో ఉన్నాను. ఫలానా దళం అన్నంత మాత్రాన అందులోని మనిషి మనకు తెలిసిపోడని ఆ కేసు నేర్పింది. ఇప్పుడు మాజీ సైనికులు ఎవరొచ్చినా, "అక్కడ మీ చేతులతో చేసిన పని ఏమిటి?" అని అడుగుతాను. ఈమధ్య ఒకాయన ఫిరంగుల రెజిమెంట్ అన్నాడు. ఏం చేసేవారని అడిగితే పద్దెనిమిదేళ్లు రొట్టెలు కాల్చానన్నాడు. గార్డుల జాబితా పక్కన పెట్టి, ఒక హోటల్ కిచెన్‌కు ఫోన్ చేశాను.