రెండో చెయ్యి

దాచేపల్లికి దగ్గర్లోని ఆ ఊళ్లో పీర్ల చావిడి ముందు ఒక గుండు ఉంది. సున్నపురాయిని ఏనాడో ఎవరో గుండ్రంగా చెక్కారు. పీర్ల పండగకి దాన్ని భుజానికెత్తడం ఆనవాయితీ. ఎత్తేటప్పుడు రెండో మనిషి చెయ్యి తగిలితే అది ఎత్తినట్టు కాదు. జిలానీ పందొమ్మిదో ఏట ఆ గుండును భుజాన పెట్టుకుని చావిడి చుట్టూ తిరిగాడు. ఇరవై ఆరేళ్లు గడిచినా ఊరి కళ్లలో అతనింకా నడుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడతను అంబులెన్సులో రోగుల్ని చూసుకునే టెక్నీషియన్. పోయినేడు నడుములో పూస జారింది. ఇక బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట భార్య నజీమాకి తప్ప ఎవరికీ తెలియదు. వచ్చే సోమవారమే ఏటేటా జరిగే దేహదారుఢ్య పరీక్ష. డెబ్బై కిలోల ఇసుక మూటతో ఒక అంతస్తు ఎక్కాలి. ఎక్కలేకపోతే బండి దిగాల్సిందే. అందుకని రోజూ తెల్లవారుతూనే నడుముకు పట్టీ బిగించి, పెరట్లో ఇసుక గోతాం ఎత్తుతున్నాడు.

"ఆ మూటనే నిఖా చేసుకోకపోయావా?" అంది నజీమా.

"అది నీ మాదిరి మాట్లాడదు."

"ఆగు, నీ నడుం మాట్లాడుద్దిలే."

గురువారం మధ్యాహ్నం సొంత ఊరి నుంచే ఫోను వచ్చింది. సాంబశివరావు భార్య పుల్లమ్మకి గుండెల్లో నొప్పి. మేడ మీద పడుకుని ఉంది, నడవకూడదు. స్ట్రెచరు మెట్ల మలుపు తిరగదు. జిలానీ ఆమె నాలుక కింద మాత్ర పెట్టి, దుప్పట్లో మోయడానికి సిద్ధం చేశాడు. కింద మిరప టిక్కీల్ని, ఆ పెద్ద బస్తాల్ని, లారీకెత్తుతున్న నలుగురు కూలీలు పైకొచ్చారు.

"తలా ఒక కొస పడదాం అన్నా," అన్నాడు డ్రైవరు జోసెఫ్.

"అక్కర్లేదు. మెట్లు ఇరుకు, అడ్డమవుతారు."

మెట్లు ఇరుకే. కానీ ఇంకొక మనిషికి చోటుంది.

"వాడు గుండెత్తినోడ్రా. మీరు తప్పుకోండి," అన్నాడు సాంబశివరావు. కూలీలు వీధిలోకి వెళ్లిపోయారు.

బరువంతా పడే కింది వైపు జిలానీ పట్టాడు. ఏడో మెట్టు మీద నడుములో ఏదో తెగినట్టయింది. కాళ్లు ఎవరివో అయిపోయాయి. అతను ఆమెను వదల్లేదు. మెల్లగా మెట్టు మీద కూలబడి, ఆమెను ఒళ్లోకి తీసుకున్నాడు. పైన దుప్పటి పట్టుకున్న జోసెఫ్ కదల్లేక నిలబడిపోయాడు. మెట్ల కింద నిలబడ్డ సాంబశివరావు కేకలు వేస్తూ వీధిలోకి పరుగెత్తాడు.

పుల్లమ్మ తల అతని ఛాతీ మీద ఉంది. దుప్పటికి ఎండు మిరప వాసన.

"చానా బరువున్నానా నాయనా?"

"లేదు పిన్నీ."

కూలీలు వీధి చివరకెళ్లిపోయిన లారీ మీంచి దిగి వచ్చి ఎత్తుకునేసరికి పది నిమిషాలు పట్టింది. గురజాల ఆసుపత్రి గేటు ఇంకా కనపడకముందే ఆమె పోయింది. ఆ పది నిమిషాలు మిగిలితే బతికేదా అని జిలానీ అడిగాడు. డాక్టరు తల దించుకుని కాగితం రాసుకున్నాడు.

సాంబశివరావు అతన్ని ఒక్క మాటా అనలేదు. "వాళ్లని పొమ్మంది నేనే గదరా," అన్నాడు. తిట్టినా అంత బరువుండేది కాదు.

సోమవారం పరీక్షలో జిలానీ పేరు పిలిచారు. ఇసుక మూట అతని కాళ్ల దగ్గర, నిద్రపోతున్న మనిషిలా పడి ఉంది.

"ఊరికే పట్టుకోన్నా, వెనక నుంచి నేను లేపుతా," అని జోసెఫ్ చెవిలో గొణిగాడు.

"ఆ రోజు పట్టుకోమనాల్సింది," అన్నాడు జిలానీ. పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. "నా వల్ల కాదు సార్."

పెరట్లో గోతాం వానకి తడిసి చిరిగింది. ఇసుక కొంచెం కొంచెంగా కారిపోతోంది. సాయంత్రం మంచం మీంచి లేవబోయి ఆగిపోయాడు. నజీమా చెయ్యి చాచింది. పట్టుకున్నాడు. అయినా లేవలేకపోయాడు.