నేను చేయించిన సమ్మె

ఇరవయ్యేళ్ళ వయసులో లోకాన్ని బాగుచేయడం ఎంత తేలికగా కనిపిస్తుందో, కాస్త వయసొచ్చాక ఒక్క మనిషి చేత వేళకి మాత్ర మింగించడం అంత కష్టమని తెలిసొస్తుంది. కరోనా తగ్గుముఖం పట్టి, మాస్కులు మాత్రం ఇంకా మొహాలను వదలని ఆ రోజుల్లో నేను అబుదాబిలో నర్సింగు చదువుతుండేదాన్ని. మా నాన్న ఓ ఆఫీసులో అకౌంటెంటు. మా అమ్మేమో, కూతురు ఇంజినీరింగులో చేరనందుకు అలిగి, ఆ అలక ఏళ్ళ తరబడి ఆరిపోకుండా కాపాడుకొస్తున్న మనిషి. అలాంటి ఇంట్లో ఉంటూ నేను కమ్యూనిటీ నర్సింగులో ఒకసారి తప్పాను. (చేతులు శుభ్రంగా కడుక్కోండి అని పోస్టరు గీశాను. ఆ చేతికి ఆరు వేళ్ళు పడ్డాయి.) రెండోసారి కూడా తప్పితే ఏడాది పోయినట్టే, జూనియర్ల పక్కన కూర్చోవాలి. అంతకంటే ఘోరం, అమ్మ "నే చెప్పలేదూ" అంటుంది.

ఆ సబ్జెక్టు చెప్పేది మా జపాను మేడమ్. సముద్రం పక్కన ఓ చిన్న ఊళ్ళో, ముసలివాళ్ళూ పిల్లులూ తప్ప పెద్దగా ఎవరూ మిగలని చోట ఉన్న యూనివర్సిటీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, ఏ గాలికో మా ఎడారికి వచ్చిపడింది. వాళ్ళ ఊళ్ళో నర్సింగు పిల్లలు ఆసుపత్రిలో కంటే ముసలమ్మల వంటిళ్ళలోనే ఎక్కువ నేర్చుకుంటారట. ముల్లంగి తరిగిపెడుతూ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడుగుతారట. పొద్దున్నే గుడి ముందు ఊరంతా చేరి, రేడియోలో పాట వస్తుంటే చేతులెత్తి కసరత్తు చేస్తారట, పోస్టుమాన్ కూడా సైకిల్ ఆపి రెండు వంగులు వంగి పోతాడట. అదంతా విని నేను కరిగి నీరైపోయాను. అందరం ఒక్కో చోటు ఎంచుకుని అక్కడి జనంలో ఒక మంచి అలవాటు తేవాలన్నది మా పరీక్ష. మార్కులు ఎలా వేస్తారని అడిగితే మేడమ్ ఒకటే మాట చెప్పింది. "నువ్వు వెళ్ళిన రోజు జరిగేది లెక్కలోకి రాదు. నువ్వు వెళ్ళని రోజు ఏం జరుగుతుందో నేను చూస్తాను."

నేను ఊరవతల ఫ్యాక్టరీలుండే ఐకాడ్‌లో ఒక లేబర్ క్యాంపు ఎంచుకున్నాను. నాన్నకి వరసకి తమ్ముడయ్యే యానాం బాబాయి అక్కడుండేవాడు. పరంజాలు కట్టే మేస్త్రీ, బీపీ ఉన్నవాడు, ఆవకాయ లేకుండా ముద్ద దిగనివాడు. ఆయన మాట మీద అప్పటి క్యాంపు బాసు సరేనన్నాడు. తెల్లవారకముందే నాన్న లుంగీ మీద చొక్కా వేసుకుని నన్ను కారులో దించి, సీటు వెనక్కి వాల్చి గురక పెట్టేవాడు. క్యాంపులో ఖాళీ జాగా అంటే బస్సులు ఆగే చోటొక్కటే. అక్కడ, బస్సుల ముందు, మా గోదావరి జిల్లాల వాళ్ళనీ కరీంనగర్ వాళ్ళనీ వరసలుగా నిలబెట్టి కసరత్తు మొదలుపెట్టాను. మొదటిరోజు ఒకటే నవ్వులు. నా అరుపులకి నా గొంతే పోయింది తప్ప ఎవరూ వినలేదు. దాంతో బాబాయి ఒక కట్టుబాటు పెట్టాడు: అమ్మాయి చేతులెత్తిందంటే, దించేదాకా ఎవరూ కదలకూడదు, నోరు మెదపకూడదు. పరంజా మీద పనిచేసేవాళ్ళు కదా, మేస్త్రీ చెయ్యి చూసి కదలడం వాళ్ళకి అలవాటే. మర్నాటి నుంచి చీమ చిటుక్కుమంటే వినిపించేది.

అంతా బాగుందనుకుంటుండగా పాత బాసు సెలవు మీద ఊరెళ్ళాడు. కొత్తాయనకి నా సంగతి చెప్పడం మరిచిపోయాడు. కొత్త బాసు మొదటిరోజు డ్యూటీకొచ్చి చూస్తే ఏముంది? బస్సులు ఇంజన్లు ఆన్ చేసి ఉన్నాయి. ఒక్కడూ ఎక్కట్లేదు. జనమంతా బస్సులకి అడ్డంగా, చేతులు పైకెత్తి, నోరు విప్పకుండా నిలబడి ఉన్నారు. ముందు తెల్లకోటు వేసుకున్న ఓ ఆడపిల్ల. అవతల కారులో నల్లకళ్ళద్దాలతో వెనక్కి వాలిన ఒక మనిషి. (నాన్నకి వీధిదీపం వెలుతురు కళ్ళలో పడితే నిద్ర పట్టదు.) ఇక్కడ సమ్మె అంటే ఆషామాషీ కాదు. బస్సెక్కనివాడు ఆపైన ఎక్కేది ఇంటికెళ్ళే విమానమే. ఆయన ఇది సమ్మేననుకున్నాడు. పరిగెత్తుకొచ్చి, "క్యా హువా భాయ్?" అన్నాడు. ఎవరూ పలకలేదు. కట్టుబాటు కట్టుబాటే.

నేను చేతులు దించేస్తే సరిపోయేది. కానీ నాకు బుర్ర పనిచేయలేదు. పెద్దగా అరిచే మగవాళ్ళని చూస్తే బిగుసుకుపోయే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. చేతులు పైకెత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. నేను దించలేదు గనక వాళ్ళూ దించలేదు. ఆయన కాసేపు అరిచాడు, కాసేపు బతిమాలాడు, ఆ తర్వాత తనంతట తనే బేరంలోకి దిగాడు. రెండో అంతస్తులో ఏసీ పనిచేయదని తనకి తెలుసట, ఇవాళే బాగుచేయిస్తాడట. మేమెవరం మాట్లాడలేదు. నీళ్ళ కూలరు కూడా కొత్తది తెప్పిస్తానన్నాడు. అప్పటికి నాకు ఊపిరాడి, చేతులు కాస్త కిందికి జారుతుంటే, వెనకనుంచి మాస్కు లోపలే బాబాయి గొంతు వినిపించింది.

"దించకమ్మా. ఇంకా పప్పు సంగతి రాలేదు."

పప్పు సంగతి కూడా వచ్చింది. రేపటి నుంచి మెస్సులో పప్పు చిక్కగా వండిస్తానని ఆయన చెబుతున్నప్పుడే కంపెనీ పెద్ద మేనేజరు, ముదీర్ గారి బండి వచ్చి ఆగింది. బాసు ఫోన్ ఎప్పుడు చేశాడో ఏమో. దిగినాయన భారీ మనిషి, మాట మెత్తన. ఏమిటిదని నన్నే అడిగాడు. నా కళ్ళముందు యానాం బాబాయి వీసా, ఆయన పంపే డబ్బుతో చదువుకుంటున్న ఆయన కూతుళ్ళూ, నిద్రపోతున్న నాన్నా, అందరూ గిర్రున తిరిగారు. నావల్ల ఇంతమంది నోటికాడ కూడు పోతుందే అని ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపుతోనే చెప్పాను. "ఎక్సర్‌సైజ్, సర్."

ఆయన నమ్మలేదు. అయితే చేసి చూపించమన్నాడు. ఏడుస్తూనే మొదటినుంచి చివరిదాకా చేయించాను. వాళ్ళంతా ఒక్క చెయ్యి తేడా రాకుండా చేశారు, నాకంటే బాగా చేశారు. సగంలో ముదీర్ కూడా తన పొడుగు అరబ్బు చొక్కా, కందూరా సర్దుకుని రెండు వంగులు వంగాడు. (ఆ ఊరి పోస్టుమాన్ గుర్తొచ్చాడు.) అయ్యాక క్యాంపు బాసు వైపు తిరిగి, ఇంతసేపూ వీళ్ళకి ఏమేం ఇస్తానన్నావని అడిగాడు. పాపం, ఆయన ఏసీ, కూలరు, పప్పు అన్నాడు.

"ఇంతమంది ముందు అన్నావుగా, ఇవ్వు. ఇది కూడా రోజూ చేయించు. ఖలాస్. యల్లా, బస్సెక్కండి."

ఆ విధంగా, జపాను పల్లెలో ఇష్టంగా చేసే పని మా ఐకాడ్‌లో కంపెనీ ఆర్డరైపోయింది. కూలరొచ్చిన సంబరం వారంలో తీరిపోయింది గానీ, రోజూ నిద్ర చెడగొట్టుకుని లేవాల్సి వచ్చినందుకు క్యాంపంతా నన్ను తిట్టుకునేది. నాకు జ్వరమొచ్చి పడుకున్న రోజునే మేడమ్ చెప్పాపెట్టకుండా అక్కడికి వెళ్ళింది. కొత్త బాసే ముందు నిలబడి, మెడలో విజిల్ వేసుకుని చేయిస్తున్నాడట. ఈ అలవాటు రావడానికి మా ఊరికి ఏళ్ళు పట్టింది, నీకెలా కుదిరిందని ఆవిడ నన్ను మెచ్చుకుంటూ అడిగింది. జనం సహకరించారండీ అన్నాను. పాసయ్యాను. అమ్మ మాత్రం, ఇంజినీరింగైతే ఈ చేతులెత్తుడు ఉండేది కాదంది.

ఇప్పుడు నేను ఆ ఐకాడ్ పక్కనే ముసఫ్ఫాలో ఒక క్లినిక్కులో నర్సుని. టైముకొస్తాను, టైముకెళ్తాను, మేనేజరు గొంతు పెంచితే తలొంచుకుంటాను. మొన్న యానాం బాబాయి బీపీ చూపించుకోవడానికొచ్చాడు. ఆవకాయ మానలేదని పట్టీ బిగించగానే తెలిసిపోయింది. కోప్పడదామని నోరు తెరిచానో లేదో, ఆయన నెమ్మదిగా అన్నాడు.

"కూలరు మళ్ళీ పోయిందమ్మా. ఓసారొచ్చి చేతులెత్తకూడదూ?"

ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది కదా బాబాయ్ అన్నాను. అదీ నిజమేలే అని, మాత్రలు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక, బిగుసుకుపోయి నిలబడ్డ ఆ పిల్ల మీద నాకు కాస్త అసూయ కలిగింది. భయంతోనే కావచ్చు, పప్పు చిక్కబడేదాకా చేతులు దించలేదు మరి. గదిలో ఎవరూ లేరు కదా అని లేచి రెండు చేతులూ పైకెత్తి చూశాను. భుజం పట్టేసింది. ఇంతలో తలుపు తీసిన తర్వాతి పేషెంటు, నన్ను చూసి ఏమనుకున్నాడో ఏమో, తనూ నెమ్మదిగా చేతులెత్తాడు.