వెంకన్న ముక్కుకొయ్య

బొగ్గు గనిలో కప్పు కూలి వెంకన్న కుడి భుజం నలిగిపోయింది. తొంభై మూడో సంవత్సరమది. గనుల్లోకి కొత్త యంత్రాలు దిగుతున్నాయి. చెయ్యి లేవని మనిషికి అక్కడ పని లేకుండా పోయింది. చంద్రపూర్ దగ్గర ఇరై డ్యాం నీళ్లలో చేపలు పట్టి బతుకుదామని భార్య ఐలమ్మతో ఒడ్డు చేరాడు.

తెడ్డు వేయలేడు కనుక చిన్న పడవకు తెరచాప కట్టాడు. కానీ పక్కగాలి తగిలితే చాలు, పడవ ముక్కు గాలివైపే తిరిగిపోయేది. చివరికి ఐలమ్మే తెడ్డు వేసి ఒడ్డుకు చేర్చేది. అది చూస్తూ కూర్చోవడం అతనికి చచ్చేంత నామోషీ.

"ముంగట ఇంకో చిన్న చాప కడితే ముక్కు తిరగది. దానికి బయటికి పొడుగ్గ ఓ కొయ్య గావాలె," అన్నాడొకరోజు.

"కొయ్య అడ్డమొస్తే వల ఎట్ల ఇసరాలె?"

"తీసి పెట్టుకునేటట్టే జేస్త."

టేకు వాసాన్ని ఎడమచేత్తోనే చెక్కాడు. పడవ ముక్కున రెండు ఇనుప కడియాలు బిగించి, వాసాన్ని వాటిలోంచి ముందుకు తోసి, వెనక్కి జారకుండా ఇనుప శీల దిగ్గొట్టాడు. దాని కొసకు చిన్న చాప కట్టాక పడవ సూటిగా పోయింది. గని వదిలాక వెంకన్న నవ్వడం ఐలమ్మ అప్పుడే చూసింది. అయినా తుప్పెక్కుతున్న ఆ శీల మీదే ఆమెకు అనుమానం.

మృగశిరలో ఓ సాయంత్రం ఉన్నట్టుండి గాలి విరుచుకుపడింది. పడవ ఒరిగింది. శీల ఊడదీసి కొయ్యను లోపలికి లాగుదామని, చుక్కాని ఆమెకిచ్చి వెంకన్న ముందుకు పాకాడు. తుప్పుకు శీల పట్టేసింది, ఊడలేదు. ఉన్న ఒక్క చెయ్యీ శీల మీదే ఉంది. పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. అతను అంచు మీదికి జారుతుంటే ఐలమ్మ చుక్కాని వదిలి ఉరికింది. ఒక చేత్తో అతని అంగీ ఒడిసిపట్టి, చేపల కత్తితో చాప తాడు కోసేసింది. చిన్న చాప గాలికి కొట్టుకుపోయింది. పడవ లేచి నిలబడింది.

"చెయ్యి పాయె. మనిషివి గూడ పోతే నా గతేంది?" అంది ఒడ్డెక్కాక.

మూడు రోజులు వెంకన్న పడవ ముట్టలేదు. నాలుగోరోజు ఇనుప శీల తీసేసి నున్నటి చెక్క శీల పెట్టాడు. దానికి తాడు కట్టి వెనక చుక్కాని దాకా తెచ్చాడు.

"గుంజు."

ఆమె గుంజింది. శీల ఊడి, కొయ్య పడవలోకి జారింది.

"గాలొస్తే నువ్వే గుంజాలె," అన్నాడు తల వంచుకుని. "నాతోని గాదు."

గాయమైన నాటినుంచి ఆ మాట అతని నోట రాలేదు. ఐలమ్మ సంచిగుడ్డ తీసి కొత్త చాప కుట్టడానికి కూర్చుంది.

ఆ వానాకాలమంతా పడవ సాగింది. గాలి కాస్త హెచ్చితే చాలు, ఆమె చెయ్యి ఆ తాడు మీదికే పోయేది.