మంచులో ఉండిపోయిన జతగాడు

మా చిన్నాయనకు ఐసంటే భయం. సోడా కొట్టు ముందు ఐసుగడ్డ కనిపిస్తే వీధి మార్చేవాడు. హిమాలయాల్లో హిమనదాలు ఏడాదికి ఎంత కదులుతాయో కొలిచే బృందంలో పనిచేసి, ఉన్నట్టుండి ఉదయగిరికి తిరిగివచ్చేశాడు. ఎందుకో చెప్పలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు ఎండాకాలంలో మా అవ్వకు జ్వరం తలకెక్కింది. ఆత్మకూరు డాక్టరు నుదుటిమీద ఐసు పెట్టమన్నాడు. నెల్లూరు బస్సులో రంపపు పొట్టు చుట్టి తెప్పించాం. పొట్టు కడుగుదామని నేను నీళ్లు పోయగానే గడ్డ ఫట్‌మని చీలింది. చిన్నాయన నన్ను గోడదాకా లాగేశాడు. ఆయన ఒళ్లంతా చెమట.

"ఏంది చిన్నాయనా, ఉత్త ఐసే గదా?"

"ఆ చప్పుడైనాకే నా జతగాడు మంచు పగుల్లో పడిపోయినాడమ్మా. పొద్దుగూకేదాకా నన్ను పిలస్తానే ఉన్నాడు. మా తాడు అందలేదు."

అయినా సాయంత్రందాకా అవ్వకు ఐసు పెట్టింది ఆయనే. జ్వరం దిగింది.

"ఇంక భయం లేదులే," అన్నాను.

"వాడు పడిన ఆ కొండమీది మంచు నడస్తానే ఉంటాది. వాణ్ణి ఎప్పటికి కిందికి తెస్తాదో లెక్క కట్టినాను. అప్పటికి నేను ముసిలోణ్ణి. వాడు మాత్రం మంచులో చెడకుండా ఆ వయసులోనే ఉంటాడు. వాడి మొగం నేనెట్టా చూసేది?"