గేర్ రాడ్డులో నాలుగంగుళాలు

గేర్ రాడ్డు పొట్టిగా కోయించుకోవాలని సీతారాం దగ్గరికి వచ్చినవాళ్ళలో సగం మంది తిట్లు తిని తిరిగి వెళ్ళేవారు. లాల్‌దర్వాజాలో ముప్పై ఏళ్ళుగా లేత్ మిషన్ నడుపుతున్నాడు గానీ షాపుకు బోర్డు లేదు. రాయించుకోరాదా అని ఎవరైనా అంటే, వచ్చేవాళ్ళతోనే వేగలేక చస్తున్నా, కొత్తవాళ్ళను పిలవడం కూడానా అనేవాడు. నోటి దురుసు మనిషే, కానీ అతని చేతి పనికి వంక పెట్టినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

పుట్టింది ధూల్‌పేట్‌లో. తండ్రి వినాయకుడి విగ్రహాల లోపల ఉండే ఇనుప చట్రాలు కట్టేవాడు. రంగు వేసినవాణ్ణి అందరూ మెచ్చుకుంటారు, ఇనుము కట్టినవాణ్ణి ఎవరూ అడగరు. అయినా ఆ ఇనుము తప్పుగా కడితే మండపం ఎక్కకముందే దేవుడి చెయ్యి ఊడి పడుతుంది. ఆ భయంతో పెరిగిన పిల్లవాడు కనుకనేమో, పని విషయంలో సీతారాం ఎవరి మొహమాటానికీ లొంగడు. పెళ్ళాం చెప్పినా వినడు, కార్పొరేటర్ మనిషి వచ్చినా వినడు.

కుర్రకారుకు గేర్ రాడ్డు పొట్టిగా ఉండి, పైనున్న గుండు సీటు పక్కకు దిగి ఉంటే అదొక స్టయిలు. సీతారాం భుజం మీది గుడ్డ తీసి, కోయాల్సిన చోట రాడ్డుకు చుట్టేవాడు. బండి స్టార్ట్ చేయించి, ఆ గుడ్డ దగ్గర పట్టుకుని గేర్లన్నీ వేసి చూపించమనేవాడు. రాడ్డు పొట్టిదైతే చెయ్యి కదిలే దూరం తగ్గుతుంది, కానీ పెట్టాల్సిన బలం పెరుగుతుంది. ఆ సంగతి చెబితే ఎక్కదు, చేస్తే తెలుస్తుంది. తేలిగ్గా వేసినవాడికి కోసి ఇచ్చేవాడు. పళ్ళు బిగపట్టినవాణ్ణి, ఫస్ట్ పోయి జిమ్‌ల చేరు బిడ్డా అని పంపేసేవాడు.

ఈ తమాషా చూడటానికి రోజూ వచ్చి కూర్చునేవాడు బాలరాజ్. వాళ్ళది పాల వ్యాపారం. గల్లీ చివర బర్రెల కొట్టం, ఇంటి ముందు పాల వ్యాను. తెల్లవారి చాంద్రాయణగుట్ట దాకా హోటళ్ళకు పాలు పోసి, తిరిగొచ్చి, సీతారాం షాపులో స్టూలు మీద చాయ్ తాగితే గాని అతనికి తెల్లవారినట్టు కాదు. సీతారాంను అన్నా అంటాడు, సీతారాం అతన్ని తమ్మీ అంటాడు. రక్త సంబంధం ఏమీ లేదు. పాతికేళ్ళ చాయ్ సంబంధం, అంతే. అతను రాని రోజు సీతారాం ఇంకో పదిమందిని ఎక్కువ తిట్టేవాడు.

బోనాల మరునాడు ఆ గల్లీ నుంచి ఫలహారం బండి కదులుతుంది. అమ్మవారి పటం పెట్టి, వేపమండలు, పూలు, దీపాలు కట్టి, నైవేద్యం తీసుకుని గుడిదాకా వెళ్ళే బండి. బాలరాజ్ తాత ఎడ్లబండి తోలాడు, తండ్రి ట్రాక్టర్ నడిపాడు, బాలరాజ్ ఇరవై ఎనిమిదేళ్ళుగా తన పాల వ్యానే కడిగి, అలంకరించి, తానే నడిపాడు. అది మామూలు డ్రైవింగ్ కాదు. ముందు పోతరాజు వేషగాడు కొరడాతో ఆడతాడు, డప్పులు ఆగితే బండి ఆగాలి, కదిలితే కదలాలి. మూడు గంటల సేపు మనిషి నడకతో, ఫస్ట్ గేరు, న్యూట్రల్, మళ్ళీ ఫస్ట్ గేరు. బండి ముందు చంటిపిల్లల తల్లులు నిర్భయంగా నడిచేవారు, నడిపేది బాలరాజ్ కనుక.

పోయిన కార్తీకంలో కొట్టం దగ్గర ఎవరో పటాకా కాల్చారు. దున్నపోతు బెదిరింది. దాని తాడు బాలరాజ్ ఎడమ ముంజేతికి చుట్టుకుని ఉంది. అది లాగిన లాగుకు భుజంలో నరాలు తెగిపోయాయి. వేళ్ళు కొద్దిగా ముడుచుకుంటాయి, చెయ్యి మాత్రం తొడకంటే పైకి లేవదు. ఇంతకంటే రాదని డాక్టర్లు తేల్చేశారు. మన బండ్లకు గేర్ ఎడమ చేతి పక్కనే కదా. వ్యాను తమ్ముడు నందు చేతికి పోయింది. బాలరాజ్ ఇంట్లో కూర్చున్నాడు. షాపుకు రావడం కూడా మానేశాడు.

ఆషాఢం ముందు ఒక మధ్యాహ్నం బాలరాజ్ భార్య బుచ్చమ్మ షాపుకు వచ్చింది. ఆమె ఎప్పుడూ ఆ గడప తొక్కి ఎరగదు. ఇంటికి వచ్చినవాళ్ళంతా బాలరాజ్‌తో చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మెల్లగా, ముద్దుగా మాట్లాడుతున్నారట. అతను ఎవరికీ జవాబివ్వడట. ఈసారి కూడా ఫలహారం బండి తనే నడుపుతానంటున్నాడట, గుండు కిందికి దిగితే చెయ్యి అందుతుందట.

"అంగీ గుండీలు నేనే పెడుతున్ననే అన్నా. పెట్టినప్పుడల్లా మొఖం అటు తిప్పుకుంటడు. నీ చేతుల పని, ఎట్లన్నజేసి గా రాడ్ కిందికి దించు. గీ ఒక్క దినం నడిపితే మల్ల మనిషి అయితడు."

సీతారాం సరే అన్నాడు. అనగానే తెలిసింది, తాను గుడ్డ చుట్టి చూడకుండా సరే అన్నానని. జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు నందు వ్యాను తెచ్చాడు, పక్క సీట్లో బాలరాజ్. దిగి, స్టీరింగ్ వైపు ఎక్కి కూర్చున్నాడు. గుండు నాలుగంగుళాలు దిగితే చెయ్యి అందుతుందని సీతారాం కొలిచాడు. భుజం మీది గుడ్డ తీశాడు. ఆ గుడ్డ ఎందుకో బాలరాజ్‌కు ఒకరు చెప్పాలా? కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి తెచ్చి, తనే ముందుగా రాడ్డు పక్కన పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. వేళ్ళు సగందాకా ముడుచుకుని ఆగాయి. ఆ వేళ్ళతో ఆ రాడ్డు కదలదని సీతారాంకు ఆ క్షణమే తెలిసింది. చుడితే ఇక్కడే, నందు ముందే, ఇప్పుడే తేలిపోతుంది.

గుడ్డ మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. "నీకు గా పరీక్షలెందుకు తమ్మీ," అన్నాడు.

బాలరాజ్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. కుడిచేత్తో ఎడమచేతిని మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

గంట పనికి సీతారాం రోజంతా తీసుకున్నాడు. రాడ్డు విప్పి నాలుగంగుళాలు కోశాడు, కోసిన చోట లేత్ మీద కొత్త మరలు తీశాడు, గుండు బిగించాడు. కింద అరిగిన బుష్షు మార్చాడు, కీళ్ళన్నిటికీ గ్రీజు దట్టించాడు. గ్రీజు పెడితే ఎంత తేలికవుతుందో అతనికి తెలియనిది కాదు. అయినా పెడుతూనే ఉన్నాడు. పాపం, ఏదో ఒకటి చెయ్యాలి కదా.

సాయంత్రం ఖాళీ గల్లీలో నడిపి చూశారు. చెయ్యి అందింది. బాలరాజ్ నడుము దగ్గరినుంచి ఒళ్ళంతా ముందుకు వంచి తోస్తే ఫస్ట్ గేరు పడింది. ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగితే సెకండ్ పడింది. నాలుగు సార్లకే అంగీ తడిసిపోయింది. మస్తు పడుతుందన్నాడు సీతారాం. మస్తు పడుతుందన్నాడు బాలరాజ్ కూడా. చాలా నెలల తర్వాత ఆ మొహంలో నవ్వు కనిపించింది. ఆ నవ్వు చూసి సీతారాం తను చేసింది తప్పు కాదేమో అనుకున్నాడు. మనిషికి ఆశ పుడితే తెలివి ఎక్కడికి పోతుందో!

ఫలహారం బండి రోజు బాలరాజ్ కొత్త అంగీ వేసుకున్నాడు. బుచ్చమ్మ కొబ్బరికాయ కొట్టింది. బండి కదిలింది. సీతారాం ఎడమవైపు కిటికీ పట్టుకుని పక్కనే నడిచాడు. అందరూ పోతరాజును చూస్తుంటే అతను గేర్ రాడ్డునే చూస్తున్నాడు. మొదటి గంట బాగానే గడిచింది. ప్రతి గేరుకూ బాలరాజ్ ఒళ్ళు ముందుకు వంగడం చూసి, అమ్మవారికి దండం పెడుతున్నాడని జనం అనుకున్నారు.

సగం క్లచ్ మీద నడిచి నడిచి బండి వేడెక్కింది. గేర్లు గట్టిపడ్డాయి. గుడికి ముందు చిన్న ఎత్తు ఉంది. అక్కడ డప్పులు ఆగాయి, బండి ఆగింది. మళ్ళీ డప్పులు మొదలయ్యాయి. బాలరాజ్ వంగి తోశాడు, పడలేదు. కుడిచేతిని స్టీరింగ్ మీదినుంచి తీసి, రెండు చేతులతో తోశాడు. ఆ తొందరలో బ్రేకు మీది కాలు సడలింది. బండి వెనక్కి జారింది. వెనక నైవేద్యం పళ్ళాలెత్తుకున్న ఆడవాళ్ళు కేకలు వేశారు. ఒక ముసలామె పడబోయి గోడ పట్టుకుంది. సీతారాం పక్కన నడుస్తున్న నందు ఎడమవైపు తలుపు తీసి లోపలికి దూకి హ్యాండ్ బ్రేకు లాగాడు.

ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ డప్పులు ఆగిపోయాయి. గుడి కమిటీవాళ్ళు వచ్చి, ఎంతో మెల్లగా, ఎంతో ముద్దుగా, దిగు కాకా, నందు నడుపుతడు, నువ్వు రెస్ట్ తీసుకో అన్నారు. బాలరాజ్ దిగాడు. ఇంటికి పోతాడనుకున్నారు, పోలేదు. తాను ఇరవై ఎనిమిదేళ్ళు నడిపిన బండి వెనక, ఆడవాళ్ళ మధ్యన, గుడిదాకా తల వంచుకుని నడిచాడు. సీతారాం పక్కకు వెళ్ళబోతే కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ నడక చూసిన సీతారాం ఆ రాత్రే షాపు తెరిచి, కోసిన నాలుగంగుళాల ముక్కను తుక్కులోంచి ఏరి దాచాడు.

మూడోనాడు పొద్దున బాలరాజ్ షాపుకు వచ్చాడు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు. కోసిన ముక్క దాచానని, వెల్డింగ్ చేసి రాడ్డు ఎప్పటిలా చేసిస్తానని సీతారాం గబగబా చెప్పాడు. బాలరాజ్ అది వినిపించుకోలేదు.

"గుడ్డ సుట్టలేదేందన్నా ఆ దినం?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. సీతారాం దాన్ని మింగేశాడు. "సుడితే నీతోని కాదని తెల్సుతది తమ్మీ. నాకు మనసొప్పలే."

"నాకూ తెల్సు, నాతోని కాదని," అన్నాడు బాలరాజ్. గొంతు పెంచలేదు. "అందరు నన్ను పసిపోరగాన్ని జేసి మాట్లాడుతున్రని నీ కాడికొచ్చిన. నువ్వొక్కనివి ఉన్నదున్నట్టు అంటవని. నీతోని కాదు, ఇంటికి పో అంటే ఈడ్నే కూసొని ఏడ్చి, చాయ్ తాగి పోతుంటి. నువ్వు సుత జాలి పడ్డవ్. చెయ్యి దున్నపోతు తీస్కపోయింది. మిగిలింది నువ్వు తీస్కపోయినవన్నా."

ఊరంతటినీ తిట్టిన సీతారాం నోరు, క్షమించమన్న ఒక్క మాటకు పెగల్లేదు. బాలరాజ్ వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కూడా బాలరాజ్ రోజూ పొద్దున షాపు ముందు నుంచే నడిచి వెళతాడు, కొట్టానికి అదే దారి. మొహం తిప్పుకోడు, కోపం చూపించడు. కొత్తవాళ్ళకు చేసినట్టు కుడిచెయ్యి ఎత్తి నమస్తే అని, సాగిపోతాడు. సీతారాం కూడా నమస్తే అంటాడు.